గోడ మీది గులాబీ బిడ్డకు

చిరంజీవి గులాబీ బాబును ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమమని రాయడం ఆనవాయితీ గనుక రాస్తున్నాను. నీ క్షేమం గురించి వాకబు చేయనక్కరలేదు, కళ్లారా చూసే వచ్చాను. చిరంజీవి అన్న మాటను అందరి పేర్ల ముందూ మర్యాదకు వాడతాం గాని నీ విషయంలో అది అక్షరసత్యం. నైజీరియాలోని లాగోస్ నగరంలో ఆ సర్కారు ఆసుపత్రి ప్రసూతి విభాగంలో, గోడకు తగిలించిన గర్భం బొమ్మలో, అద్దాల చట్రంలో, తల కిందికీ కాళ్లు పైకీ పెట్టుకుని ఎన్నేళ్లుగానో తొమ్మిదో నెలలోనే ఉన్నావు. నీకు పుట్టే తొందర లేదు. మీ అమ్మకు ఆసుపత్రిలో ముందుగా కట్టాల్సిన డిపాజిట్ బెంగ లేదు. ఆమెకు ముఖమే లేదు గనుక బెంగ ఉన్నా కనబడదు. ఛాతీ నుంచి తొడల దాకా మాత్రమే ఉన్న ఆ తల్లి చర్మం లేత గులాబీ, నీది అంతకంటే లేత గులాబీ. నీ ఎదుట బెంచీల మీద కూర్చున్న నలభై మంది తల్లుల్లో ఆ రంగు వాళ్లు ఒక్కరూ లేరు.

పోయిన వానాకాలంలో, మా ఆఫీసులో లెక్కలు చూసే ఆయన భార్యకు నొప్పులు మొదలైన సాయంత్రం వాళ్ల కారు మొరాయిస్తే, నా కారులో తీసుకువచ్చాను. ఆమె ఒడిలో ఒక పెద్ద సంచి ఉంది. పురుడు పోసుకోవడానికి వచ్చేవారు ఏమేం తెచ్చుకోవాలో ఆసుపత్రి వారు ముందే రాసిచ్చిన జాబితా ప్రకారం అందులో దూది, గ్లవ్సు, డెట్టాల్, ఇజాల్ అనే క్రిమిసంహారకం, బట్టల తెల్లదనానికి వాడే జిక్ సీసా, మంచం మీద పరిచే మెకింటాష్ గుడ్డ, బొడ్డుకు పెట్టే క్లిప్పు ఉన్నాయి. మన పురోహితులు వ్రతానికి రాసిచ్చే సామాన్ల పట్టీ నాకు గుర్తుకు వచ్చింది. అయితే మన పంతులుగారు తమలపాకులు తక్కువైతే అక్షతలతో సర్దుకుంటారు, ఇక్కడ గ్లవ్సు తక్కువైతే భర్త వానలో ఫార్మసీకి పరుగెత్తాలి. ఆయన పరుగెత్తాడు.

అప్పుడే కౌంటరు దగ్గరి గుమాస్తా నన్ను చూసి, 'ఒయిన్బో, రండి, రండి' అంటూ లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి వేశాడు. ఒయిన్బో అంటే యొరూబా భాషలో తెల్లవాడు. మా గుంటూరు జిల్లాలో నన్ను నల్లోడా అనే పిలిచేవారు, పెళ్లిచూపుల్లో మా మేనత్త 'కుర్రాడు కాస్త చామనఛాయ' అని సర్దిచెప్పడానికి నానా తంటాలు పడింది. అటువంటి నేను సముద్రం దాటి తెల్లవాణ్ణయ్యాను. ఎనిమిదో నెల గర్భిణి ఒకామె గోడకు చేరగిలబడి నిలబడి ఉండగా, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నేను ఆ కుర్చీలో కూర్చున్నాను కూడా. కూర్చుని తలెత్తితే ఎదురుగా నువ్వు. మనిద్దరమూ ఆ గదికి చెందనివాళ్లమే, మనిద్దరికే చోటు కుదిరింది.

నీతో నాకు పాత పరిచయమేలే. మా అక్క కడుపుతో ఉన్నప్పుడు మంచం ఎదురుగా క్యాలెండరు మీద బొద్దుగా, పాలమీగడలా ఉన్న నిన్నే తగిలించి, రోజూ నీ ముఖం చూడమన్నారు. పైగా కుంకుమపువ్వు పాలు. మేనల్లుడు మా బావ రంగులోనే పుట్టాడు, పాలవాడికి మాత్రం బాకీ మిగిలింది. కనుక ఈ విషయంలో నైజీరియాను ఆక్షేపించే అర్హత మనకు బొత్తిగా లేదు.

ఆ దేశంలోనే నీకు పోటీ పుట్టుకొచ్చింది, విన్నావో లేదో. చిడియెబెరె ఇబే అనే నైజీరియా యువకుడు, ఎవరి దగ్గరా శిష్యరికం చేయకుండా బొమ్మలు గీయడం నేర్చుకున్నవాడు, నల్లని తల్లి గర్భంలో నల్లని బిడ్డను గీస్తే 2021 డిసెంబరులో ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. ఇటువంటి బొమ్మను జన్మలో చూడలేదని ఎంతోమంది రాశారు. కొందరు పండితులు మాత్రం, పుట్టిన బిడ్డ రంగు మొదట్లో లేతగానే ఉండి తరువాత ముదురుతుంది గదా అని అభ్యంతరం చెప్పారు. మాట నిజమే. కాని పొట్ట తల్లిది, ఆమె నిన్న పుట్టలేదు.

రంగులో ఏముంది, బొమ్మే గదా అంటావేమో. అప్పుడే పుట్టిన బిడ్డకు కామెర్లు వస్తే నీ వంటి చర్మం మీద పసుపు ఇట్టే తెలిసిపోతుంది. నల్లని చర్మం మీద అది సులభంగా దొరకదు, కంటి తెల్లగుడ్డు, చిగుళ్లు, అరచేతులు, అరికాళ్లు వెతకాలి. గుర్తించడం ఆలస్యమై పసుపు మెదడుకెక్కితే ఆ బిడ్డ జన్మంతా దాన్ని మోయాలి. కామెర్లను ముదరబెట్టే, పుట్టుకతోనే వచ్చే జీ6పీడీ అనే ఎంజైము లోపం నైజీరియాలో కొత్తది కాదు. నిన్ను చూసి చదువుకున్నవారికి ఎక్కడ చూడాలో నువ్వు చెప్పలేదు.

పాపం, తప్పంతా నీ నెత్తిన వేయడం అన్యాయమే. 2001లో ఆఫ్రికా దేశాధినేతలు నైజీరియా రాజధాని అబుజాలోనే కూడి, బడ్జెట్లో 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామని ప్రతిజ్ఞ చేశారు. విందు పెట్టిన ఇల్లే ఇప్పటిదాకా ఆ విస్తరి నింపలేదు. అత్యవసర వైద్యాన్ని ఏ కారణం చేతనూ నిరాకరించకూడదని 2014 నాటి జాతీయ ఆరోగ్య చట్టం చెబుతుంది, కౌంటరు మాత్రం ముందు డిపాజిట్ అంటుంది. బిల్లు తీరేదాకా బాలింతను, బిడ్డను వార్డులోనే ఉంచేసే ఆసుపత్రులు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో నైజీరియాలో గర్భధారణ, ప్రసవ కారణాలతో చనిపోయిన తల్లులు సుమారు 75,000 మంది, అంటే లోకంలోని అటువంటి మరణాల్లో నాలుగో వంతుకు పైనే. పెద్దల సంగతి వేరు. 2017లో అధ్యక్షుడు బుహారీ చికిత్సకని వంద రోజులకు పైగా లండన్‌లో ఉన్నాడు, అదే ఏడు ఆయన భార్య, అధ్యక్ష భవనపు క్లినిక్కులో సిరంజి కూడా దొరకడం లేదని బహిరంగంగానే వాపోయింది. నిన్ను వేలాడదీసిన డాక్టర్లలో ఎందరో జపా అన్నారు, అనగా దేశం విడిచి ఉడాయించారు. బెంచీ మీది వాళ్లే ఎక్కడికీ పోలేదు.

ఇక నా మనవి. నిన్ను దించేయమని అడగను, లోపల బిడ్డ ఎలా తిరిగి ఉంటుందో నువ్వు బాగానే చూపిస్తావు. కాస్త పక్కకు జరుగు, అంతే. నీ ఎడమవైపు మేకు ఒకటి ఉంది, ఇబే బొమ్మ అక్కడ సరిగ్గా పడుతుంది. ఆ మేకుకు తగిలించి ఉన్న టార్చిలైటును మాత్రం పారేయనివ్వకు. ఆ రాత్రి కరెంటు పోయి, జనరేటరులో డీజిలు లేక, మావాళ్ల పిల్ల ఆ వెలుతురులోనే పుట్టింది. నర్సు ఆ టార్చిని నోట కరుచుకుని, వాళ్లు తెచ్చుకున్న క్లిప్పే బొడ్డుకు పెట్టింది.

ఇట్లు,
కుర్చీ దక్కిన ఒయిన్బో