సరిహద్దు ఊరిని పోర్ట్‌ఫోలియోలో దాచుకోవద్దు

ఒడిశా సరిహద్దులోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు విద్యార్థుల్లో యూఎక్స్ డిజైన్ (యాప్‌లు వాడేవాళ్లకు సులువుగా ఉండేలా రూపొందించే పని) ఇంటర్న్‌షిప్ కోసం ప్రయత్నించేవాళ్లు ఇప్పుడు కనిపిస్తున్నారు. బీటెక్‌లో చేరాక కోడింగ్ మీద మనసు పోనివాళ్లు, బొమ్మలు బాగా వేసేవాళ్లు, స్క్రీన్లు గీసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్‌లో ఉచిత ఖాతా తెరిచి యూట్యూబ్ చూసి పని నేర్చుకున్నవాళ్లు. వీళ్ల పోర్ట్‌ఫోలియోలు, అంటే చేసిన పనులు చూపించే పేజీలు, వరసగా చూస్తే అన్నీ ఒకరే చేసినట్టుంటాయి. ఒక ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్, ఒక మ్యూజిక్ యాప్, ఒక ధ్యానం యాప్. వాటిని వాడేది ఎవరయ్యా అంటే బెంగళూరు ఫ్లాట్‌లో ఉండే ఇరవై ఆరేళ్ల ఉద్యోగిని. చేసిన అబ్బాయిదో అమ్మాయిదో ఏ ఊరు, ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష అన్నది ఆ పేజీల్లో ఎక్కడా తెలియదు.

చాలామంది కావాలనే దాస్తారు. చిన్న ఊరు అనగానే పక్కన పెట్టేస్తారని భయం. ఆ భయానికి కారణం లేకపోలేదు. ఐఐటీల్లోనో ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లోనో డిజైన్ చదివేవాళ్ల క్యాంపస్‌కి కంపెనీలే వస్తాయి. మనవాళ్లు మాత్రం వందల దరఖాస్తుల మధ్య ఒక లింకు పంపి ఎదురుచూడాలి. అయినా నా దృష్టిలో ఈ దాపరికం పెద్ద పొరపాటు. మహానగరంలో పెరిగినవాళ్లకు లేనిది వీళ్ల దగ్గర ఒకటుంది, దాన్నే మూటగట్టి అటక మీద పెడుతున్నారు.

రాయగడ నుంచి భువనేశ్వర్‌కు హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. సొంత రాష్ట్ర రాజధానికి వెళ్తున్నాం కదా, అయినా బండి పార్వతీపురం, విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాస దాటుకుని మళ్లీ ఒడిశాలోకి వస్తుంది. ఉన్న చోటును బట్టి భాష ఎంచే యాప్ ఏదైనా ఈ దారిలో ఒడియా నుంచి తెలుగుకీ, తెలుగు నుంచి ఒడియాకీ మారాలి. ప్రయాణికుడు మాత్రం మారలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే మనిషే మొదటి స్టేషన్లోనూ చివరి స్టేషన్లోనూ ఉన్నాడు. అతనికి ఏ భాష చూపించాలి? చదవడానికి ఒకటి, వినడానికి ఒకటి ఎంచుకోనివ్వాలా? తెలుగు మాట్లాడే అమ్మమ్మకు తెలుగు చదవడం రాకపోతే ఆ మెనూ ఎలా ఉండాలి? ఇది పోర్ట్‌ఫోలియోకి అచ్చమైన సమస్య. ధ్యానం యాప్‌లో రంగులు మార్చడం కంటే వంద రెట్లు కష్టం, పైగా నిజం.

ఇంకోటి, సాలూరు పక్కన కొఠియా గ్రామాలు. అవి ఆంధ్రవా ఒడిశావా అన్న తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడ రెండు రాష్ట్రాల గుర్తింపు కార్డులూ ఉన్నవాళ్లున్నారు. మన ఆన్‌లైన్ ఫారాల్లో ‘రాష్ట్రం’ అన్న గడిలో ఒక్క పేరే పడుతుంది. వివాదాన్ని ఇంటర్న్ తేల్చక్కర్లేదు. కానీ గడి గీసినవాళ్లు ఎవరిని లెక్కలోకి తీసుకోలేదో చూపించగలిగితే చాలు, పోర్ట్‌ఫోలియో చూసే సీనియర్ డిజైనర్ ఆ పేజీ దగ్గర ఆగుతారు. ఇంటిపేరు ముందు రాసే మనకు ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ గడులు పెట్టే తిప్పలు వేరే చెప్పాలా? కేవైసీ దగ్గర పేరు కలవక తిరిగినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు.

ఈ రంగంలో అందరూ వల్లించే లెక్క ఒకటుంది. అయిదుగురితో పరీక్షిస్తే వాడకంలోని లోపాల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని ఈ రంగంలో పేరున్న నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. దానికి ఆయనే పెట్టిన షరతు మాత్రం ఎక్కువమంది గుర్తుంచుకోరు. వాడేవాళ్లు వేర్వేరు రకాలైతే ఒక్కో రకం నుంచి మూణ్నలుగురిని విడివిడిగా కూర్చోబెట్టాలి. ఆఫీసు చుట్టుపక్కల దొరికిన అయిదుగురు రాయగడ సంతలో ఫోన్ వాడే మనిషికి బదులు కాలేరు. మన విద్యార్థికి ఆ మూణ్నలుగురూ ఇంటి అరుగు మీదే దొరుకుతారు. ఇంటర్వ్యూలో ఈ మాట ధైర్యంగా చెప్పొచ్చు.

పెద్ద కంపెనీలకు ఇది అవసరమా అంటే, 2018 ఫిబ్రవరి గుర్తుచేసుకోండి. ‘జ్ఞా’ అన్న ఒక్క తెలుగు కూర్పు సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దుకోవాల్సి వచ్చింది. అది ప్రోగ్రామింగ్ లోపమే, డిజైనర్ తప్పు కాదు. కానీ ఒత్తులు బటన్ కింద తెగిపోవడం, ఇంగ్లీషులో చిన్న పదం తెలుగులో రెండు వరసలకు పాకడం లాంటివి అచ్చంగా డిజైన్ బల్ల మీద తేలాల్సినవి. వాటిని చూడగానే పట్టుకునే కళ్లు జట్టులో ఉండాలిగా.

అలాగని ఇంటర్న్‌గా చేరగానే యాప్‌కి రెండు భాషలు తగిలిస్తామనుకుంటే భంగపడతారు. ఉండేది రెండు మూడు నెలలు. మొదటి వారాలు లాగిన్‌లకీ పరిచయాలకీ పోతాయి. చేతికిచ్చేది సెట్టింగ్స్‌లో ఒక పేజీయో, ఆర్డర్ రద్దు చేసే దారిలో ఒక మెట్టో. బటన్లు, రంగులు, అక్షరాల సైజులు కంపెనీ అంతా వాడే డిజైన్ సిస్టమ్ అనే ఉమ్మడి నమూనాల్లో ముందే ఖాయమై ఉంటాయి. మీ పనల్లా ఉన్నవాటిని సరిగ్గా అమర్చి, ఎందుకలా అమర్చారో రివ్యూలో చెప్పడం. అక్కడే మనవాళ్లకు టెన్షన్. చెప్పాల్సింది ఇంగ్లీషులో, ప్రశ్నలు వేగంగా వస్తాయి. వ్యాకరణం గురించి ఎవరూ పట్టించుకోరు, కారణం చెప్పలేకపోతేనే పట్టుకుంటారు.

క్యాంపస్ అండ లేనివాళ్లు కేంద్రం పెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం వైపు కూడా ఓ చూపు వేయాలి. అయిదేళ్లలో కోటిమందికి 500 పెద్ద కంపెనీల్లో అవకాశమని 2024 బడ్జెట్‌లో ప్రకటించారు. ఐఐటీ, ఎన్‌ఐడీ వంటి చోట్ల పట్టా తీసుకున్నవాళ్లకు అందులో అర్హత లేకుండా పెట్టారు, మనకది మేలే. అయితే చేరబోయేది ఏ పనిలోనో కళ్లు పెట్టి చదువుకోవాలి, కంపెనీ పేరు పెద్దదైనంత మాత్రాన డిజైన్ పని ఉంటుందని లేదు. మొదట ప్రకటించిన భృతి నెలకు 5,000 రూపాయలు. హైదరాబాద్‌లో హాస్టల్‌కీ తిండికీ కలిపితే అది చాలదు, ఇంటినుంచి ఎంత పంపగలరో ముందే అడిగి తేల్చుకోవడం మంచిది.

చివరికి చాలామందిని దెబ్బతీసేది గోప్యతా ఒప్పందం. కంపెనీలో గీసిన స్క్రీన్లు బయట చూపించకూడదు. వేసవంతా కష్టపడి, తర్వాతి ఉద్యోగానికి పోర్ట్‌ఫోలియోలో పెట్టడానికి ఏమీ లేక మళ్లీ ధ్యానం యాప్ దగ్గరికే వస్తారు. ఆఖరి వారం దాకా ఆగకుండా మొదటి నెలలోనే మేనేజర్‌ను అడిగి, ఏది చూపొచ్చో ఏది చూపకూడదో మెయిల్‌లో రాయించుకోవాలి. స్క్రీన్లు కుదరవంటే సమస్య ఏమిటి, ఎవరితో మాట్లాడాం, ఏది వదిలేశాం, ఎందుకు వదిలేశాం అన్నది కంపెనీ వివరాలు లేకుండా మాటల్లో రాసుకునేందుకు అనుమతి అడగాలి. చాలాచోట్ల ఇస్తారు, అడగనివాళ్లకే ఉండదు.