వంటసోడాతో పీహెచ్ నిలవదు

"పగడాల తొట్టిలో పీహెచ్ 8.3 కంటే తగ్గితే ప్రమాదం. రోజుకో చెంచా వంటసోడా వేయండి, అడుగున గవ్వల పొడి పరవండి." విజయవాడలో ఉప్పునీటి అక్వేరియం ఉన్నవారి ఫోన్లన్నీ చుట్టివచ్చిన సలహా ఇది. ఇందులో ఒక్క ముక్కా నిలబడదు.

పీహెచ్ అంటే నీరు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె. సముద్రపు ఉపరితల నీటిలోనే ఇప్పుడు అది సుమారు 8.1. ఇక తొట్టిలో రాత్రి దీపాలు ఆరాక నాచు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడం ఆపేస్తుంది, ప్రాణులు మాత్రం వదులుతూనే ఉంటాయి. అది నీటిలో కరిగి ఆమ్లమై పీహెచ్‌ను దించుతుంది. సాయంత్రం 8.2, తెల్లవారుజామున 7.9 కనిపిస్తే కంగారు అక్కర్లేదు.

వంటసోడా పెంచేది క్షారతను, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తిని. వేసిన వెంటనే పీహెచ్ కాస్త తగ్గుతుంది కూడా! వంద లీటర్లకు ఆరు గ్రాములు వేస్తే క్షారత దాదాపు 2 డీకేహెచ్ (క్షారతను కొలిచే డిగ్రీలు) పెరుగుతుంది. రోజూ అలా వేస్తూ, పగడాలు అంత వాడుకోకపోతే 8 ఉన్న క్షారత నాలుగు రోజుల్లో 16 వైపు పోతుంది. అప్పుడు నీటిలోని కాల్షియం గడ్డకట్టి హీటరు మీద, పంపు రెక్కల మీద తెల్లగా పెచ్చులు కడుతుంది. పగడాల కొనలు మాడిపోతాయి.

చాలా ఇళ్లలో పీహెచ్ తగ్గడానికి అసలు దొంగ గదిలోని గాలే. మే నెల బెజవాడలో కిటికీ తెరిచేదెవరు? స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్నదాన్నే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయట కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) పైచిలుకు. నలుగురు తలుపులు బిగించుకుని పడుకున్న గదిలో వెయ్యి దాటడం మామూలే. గాలిలో అది రెట్టింపైతే, క్షారత ఏమాత్రం మారకున్నా పీహెచ్ దాదాపు 0.3 పడిపోతుంది. నమ్మకం కుదరకపోతే గ్లాసుడు తొట్టి నీళ్లు సాయంత్రం బాల్కనీలో పెట్టి, గాలి పంపుతో గంటసేపు బుడగలు పోనిచ్చి కొలవండి. పీహెచ్ పెరిగితే తప్పు గదిదే. స్కిమ్మరు (బుడగలతో నీటి మురికిని తీసే యంత్రం) గాలి గొట్టాన్ని కిటికీ అవతలికి లాగండి. ఖర్చు మూరెడు గొట్టమే.

గవ్వల పొడి పీహెచ్ 8 దగ్గర కరగనే కరగదు. దాని గురించి ఇంతకంటే మాట్లాడనవసరం లేదు.

నిజంగా పనికొచ్చేది సున్నపు తేట. ఆర్వో నీటిలో లీటరుకు గ్రామున్నర శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, మూత పెట్టి, తేరిన నీటినే వాడాలి. కిళ్ళీ కొట్టు సున్నం వద్దు, అందులో ఏం కలిసిందో ఎవరికీ తెలియదు. ఈ తేట కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేస్తుంది, కాల్షియమూ క్షారతా రెండూ ఇస్తుంది. తేట పీహెచ్ 12 పైమాటే కనుక ఆవిరైన నీటికి బదులుగా, రాత్రిపూట, చుక్కచుక్కగా పడనివ్వాలి. చెంబుతో కుమ్మరిస్తే తెల్లారేసరికి చేపలు తేలతాయి.