ఇనుప పెట్టెలో పట్టినంత మిలాన్

యూరప్ నాగరికతకు పరాకాష్ఠ ఏదని అడిగితే కొందరు రోమ్ శిథిలాలను, కొందరు పారిస్ మ్యూజియాలను, మరికొందరు జర్మనీ రైళ్ల సమయపాలనను పేర్కొంటారు (ఈ మూడో వర్గంవారు ఈమధ్య ఆ రైళ్లు ఎక్కి ఉండరు). వారందరితోనూ సవినయంగా విభేదిస్తూ, చౌక విమానాల గేటు పక్కన, ఉచితంగా రానిచ్చే చేతి సంచిని కొలిచేందుకు నిలబెట్టే ఇనుప పెట్టెకే ఆ గౌరవం దక్కాలని ఈ వ్యాసకర్త ప్రతిపాదిస్తున్నాడు. మూత గానీ తాళం గానీ లేని ఆ పెట్టె కొలతలు సంస్థను బట్టి మారుతుంటాయి; ఎక్కువగా కనిపించేది 40 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు. అందులో మన బ్యాగు దిగితే మనం ప్రయాణికులం, దిగకపోతే ఆదాయ వనరులం.

జర్మనీలో మాస్టర్స్ చదువుతున్న తెలుగు విద్యార్థికి ఈ పెట్టెతో పరిచయం సాధారణంగా మొదటి సెమిస్టర్‌లోనే కలుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మిలాన్‌కు 9.99 యూరోలే అని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెడతారు. శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఆదివారం రాత్రికి వచ్చేయవచ్చని ఇంకొకరు లెక్క తేలుస్తారు. అర్ధరాత్రి దాటేలోగా నలుగురు టికెట్లు కొనేస్తారు. ఆ టికెట్టు మీద ఉన్న 'ఫ్రాంక్‌ఫర్ట్' అసలు ఫ్రాంక్‌ఫర్ట్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, ఒకప్పుడు అమెరికా వైమానిక దళం వాడి వదిలేసిన హాన్ విమానాశ్రయం. దిగబోయే 'మిలాన్' కూడా మిలాన్ కాదు, దానికి దాదాపు 50 కిలోమీటర్ల అవతల ఉన్న బెర్గామో. సూర్యాపేట పొలిమేరల్లో బస్సు ఎక్కించి హైదరాబాద్‌లో ఎక్కించామని చెప్పుకునే ధైర్యం మన ప్రైవేటు బస్సుల యజమానులకు సైతం ఇంతవరకూ కలగలేదు. అటూ ఇటూ బస్సు ఛార్జీలు కలిపేసరికి విమానం టికెట్టు ఈ యాత్రలో అతి చిన్న ఖర్చుగా మిగులుతుంది.

ఇక గేటు దగ్గర జరిగేదాన్ని తీరిగ్గా చూడాలి. వరుసలో నిలబడ్డ కుర్రవాడికి ఖమ్మంలో అమ్మ కొనిచ్చిన బ్యాక్‌ప్యాక్ ఉంది. ఉద్యోగిని దాన్ని చూసి, నోరు విప్పకుండా, వేలితో పెట్టెను చూపిస్తుంది. బ్యాగు ముప్పాతిక వంతు దిగి ఆగిపోతుంది. వెనకున్న మిత్రుడు "మోకాలు పెట్టి తొయ్యిరా" అంటాడు. మోకాలు పెట్టినా రెండు సెంటీమీటర్లు పైకే ఉంటుంది. అప్పుడు మొదలవుతుంది వస్త్రధారణ. బ్యాగులోంచి హుడీ తీసి స్వెట్టర్ మీద వేసుకుంటాడు, దాని మీద మరో హుడీ, ఆ పైన చలి జాకెట్. ఒక జేబులోకి ల్యాప్‌టాప్ ఛార్జర్, ఇంకో జేబులోకి మేజోళ్లు, లోపలి జేబులోకి భద్రతా తనిఖీని కూడా దాటి వచ్చిన చిన్న ఆవకాయ సీసా. మిగిలిన రెండు టీషర్టులను, బుద్ధిమంతుడు కనుక, మెడకు తగిలించుకున్న దిండు తొడుగులో కుక్కుతాడు. ఈసారి బ్యాగు సర్రున దిగుతుంది. ఉద్యోగిని తల ఊపుతుంది. చేతులు దించలేని స్థితిలో, చెమటలు కక్కుతూ, కుర్రవాడు గేటు దాటుతాడు.

దాటి పది అడుగులు వేశాక, విమానం మెట్ల దగ్గర వరుస కదలక నిలిచిపోయినప్పుడు, అదే జాకెట్టునూ అవే హుడీలనూ విప్పి, అదే బ్యాగులో మళ్లీ కుక్కుకుంటాడు. బరువు గ్రాము కూడా తగ్గలేదు. పరిమాణం అంగుళం కూడా తరగలేదు. ఇంతకూ రక్షింపబడినది ఏమిటి? విమానం సమతౌల్యమా, ఇంధనమా, తోటి ప్రయాణికుల ప్రాణాలా? పక్కనే ఒక పెద్దమనిషి, డ్యూటీ ఫ్రీ దుకాణంలో కొన్న నాలుగు సీసాల సంచిని అదనంగా ఊపుకుంటూ ఎక్కుతున్నాడు. ఆ సంచికి పెట్టె పరీక్ష లేదు. మద్యానికి భౌతికశాస్త్ర నియమాలు వర్తించవు కాబోలు.

మిలాన్ కూడా ఉన్నదనుకోండి. 1386లో మొదలుపెట్టి శతాబ్దాల తరబడి కట్టిన కెథడ్రల్ ముందు ఫొటో, పక్కనున్న గలేరియా అనే పాత దుకాణాల సముదాయంలో నేల మీద రాతి ముక్కలతో పొదిగిన ఎద్దు బొమ్మ వృషణాలపై మడమ ఆనించి అదృష్టం కోసం మూడు చుట్లు, డా విన్సీ 'చివరి విందు' చూడాలంటే టికెట్లు ముందే అయిపోయాయన్న జ్ఞానోదయం. అంతటితో వారాంతం సరి.

మోకాలితో ఎంత తొక్కినా బ్యాగు దిగనివాడి సంగతి వేరు. వాడి ముందుకు కార్డు గీకే యంత్రం వస్తుంది. అరవై యూరోలు, ఒక్కోచోట డెబ్బై. వాదించేందుకు వీల్లేదు, వెనక వరుస సణుగుతోంది, గేటు మూసేస్తామంటున్నారు. ఈ వ్యాసకర్త ఇంతసేపూ నవ్వుతూ రాశాడు కానీ ఇక్కడ నవ్వు రావడం లేదు. ఆ కుర్రవాడు వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో) 11,904 యూరోలు చూపించి వచ్చాడు. ఆ డబ్బు బ్యాంకు అప్పు, ఆ అప్పు వెనక ఇంటి కాగితాలు, అది చాలకపోతే అమ్మ గాజులు. జర్మనీలో కనీస వేతనం 2026లో గంటకు 13.90 యూరోలు. డెబ్బై యూరోలంటే పార్శిల్ గోదాములో రాత్రిపూట ఐదు గంటలు పెట్టెలు మోయడం. రెండు సెంటీమీటర్ల గుడ్డకు ఐదు గంటల నడుం నొప్పి! దీన్ని రుసుము అనడం సిగ్గుచేటు, ఇది దోపిడీ. పైగా ఒక సంస్థ, పట్టుకున్న ప్రతి పెద్ద బ్యాగుకూ ఉద్యోగులకిచ్చే బోనస్‌ను ఒకటిన్నర యూరో నుంచి రెండున్నర యూరోలకు పెంచుతున్నట్టు 2025లో గర్వంగా చాటుకుంది. వేలితో పెట్టెను చూపించే చేతికి కమీషన్ కట్టి, అది క్రమశిక్షణ అని మనకు పాఠం చెబుతున్నారు.

చట్టం లేదా అంటే ఉంది. చేతి సామాను ప్రయాణంలో తప్పనిసరి భాగమనీ, బరువూ పరిమాణమూ సహేతుకంగా ఉంటే దానికి అదనంగా వసూలు చేయరాదనీ యూరోపియన్ న్యాయస్థానం 2014లోనే చెప్పింది. 'సహేతుకం' అంటే ఎన్ని సెంటీమీటర్లో మాత్రం చెప్పలేదు. ఆ ఖాళీలోనే ఇనుప పెట్టెను తెచ్చి నిలబెట్టారు. క్యాబిన్ సామానుకు వసూళ్ల వంటి పద్ధతులకుగాను 2024 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వం ఐదు చౌక విమాన సంస్థలకు మొత్తం 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. సంస్థలు ఊరుకోలేదు, సవాలు చేస్తామన్నాయి. వాటికి వకీళ్లున్నారు, వాయిదాలున్నాయి, ఏళ్ల తరబడి ఆగే ఓపిక ఉంది. కుర్రవాడు ఫిర్యాదు పంపితే మాత్రం, గేటు దగ్గర వసూలు చేసిన రుసుము తిరిగి ఇవ్వబడదని యంత్రమే నిమిషంలో జవాబు రాసేస్తుంది. రెండోసారి రాయడానికి వాడికి తీరిక లేదు. ఆదివారం రాత్రి గోదాములో షిఫ్టు ఉంది, సోమవారం ఎనిమిదింటికి ల్యాబు.