వందకు ముప్పై పైసలు

2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, నిర్ణయం జరిగింది వాషింగ్టన్‌లోనే అయినా దాని వేడి ముందుగా తగిలింది గోదావరి డెల్టాలోని భీమవరం, ఉండి, ఆకివీడు, అమలాపురం పరిసరాల రొయ్యల చెరువు గట్ల మీద. కౌంటుకు, అంటే కిలోకు తూగే రొయ్యల లెక్కకు, ఇంత అని మాట ఇచ్చిన వ్యాపారులు పట్టుబడి రోజుకు ధర తగ్గించి చెప్పారు. మేత అప్పు, కరెంటు బిల్లు, చెరువు లీజు మాత్రం తగ్గలేదు. ఆ తరువాత వినవచ్చిన కోర్కెలన్నీ న్యాయమైనవే. కరెంటు రాయితీ, మేత ధరపై అదుపు, అప్పుల వాయిదా, కొత్త దేశాల్లో మార్కెట్లు: వీటిలో దేన్నీ మేము తోసిపుచ్చము. అయితే ఒకే సరుకును ప్రధానంగా ఒకే దేశానికి అమ్ముకుని బతికే ప్రాంతం, కొనేవాడి మనసు మారినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు ఇవేవీ పూర్తి జవాబు కావు.

ఆ ప్రశ్నను మనకంటే ముందే ఎదుర్కొన్న చిన్న దేశాలు ఉన్నాయి. చిన్నవంటే నిజంగానే చిన్నవి. ఫిన్లాండ్, నార్వేల జనాభా ఒక్కొక్కటి సుమారు 55 లక్షలు. 2011 జనగణన నాటికి మన ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా ఒక్కటే 51 లక్షలు దాటింది. సోవియట్ యూనియన్ ఉన్నంతకాలం ఫిన్లాండ్ సరుకులకు అది పెద్ద గిరాకీదారు. 1991లో ఆ వ్యాపారం కుప్పకూలింది, బ్యాంకుల సంక్షోభం దానికి తోడైంది, మూడేళ్లలో జాతీయోత్పత్తి పదో వంతు దాకా తరిగిపోయింది, పనికోసం వెతికేవారిలో ప్రతి ఆరుగురిలో ఒకరికి పని దొరకని స్థితి వచ్చింది. ప్రభుత్వం చాలా పద్దుల్లో కోత పెట్టింది. పరిశోధన పద్దును మాత్రం పెంచింది. వృత్తివిద్యా సంస్థలను కలిపి పాలిటెక్నిక్‌ల వ్యవస్థను నిలబెట్టింది కూడా ఆ కష్టకాలంలోనే. జాతీయోత్పత్తిలో 2 శాతం దగ్గర ఉన్న పరిశోధన వ్యయం ఆ దశాబ్దం ముగిసేసరికి 3 శాతం దాటింది.

ఈ కథను నోకియా దగ్గర ఆపేసి చప్పట్లు కొట్టడం మనకు అలవాటు. ఆ ఫోన్ల వ్యాపారం కుప్పకూలిన తరువాత ఫిన్లాండ్ పరిశోధనలోనూ వెనకబడింది, ఆ వెనకబాటు ఖరీదు తెలుసుకోవడానికి దానికి పదేళ్లు పట్టింది. చివరకు 2030 నాటికి పరిశోధన వ్యయాన్ని 4 శాతానికి చేర్చాలని పార్లమెంటులోని పార్టీలు ఒక మాటమీదికి వచ్చి చట్టం చేసుకున్నాయి; అది 2023లో అమలులోకి వచ్చింది. ప్రభుత్వం మారినా పద్దు మారకూడదన్నది ఆ ఒప్పందం సారం. మన దేశంలో ఈ వ్యయం 2020-21 లెక్క ప్రకారం 0.64 శాతం. విద్యకు జాతీయాదాయంలో 6 శాతం కేటాయించాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. అది ఇప్పటికీ ప్రతి విద్యావిధానంలో కనిపించే లక్ష్యంగానే మిగిలింది.

డెల్టాకు నేరుగా పనికివచ్చే పాఠం నార్వేది. వారికి చమురుంది, డబ్బుకు కొదవేమిటని ఎవరైనా అనవచ్చు. ఉత్తర సముద్రంలో నార్వేకు పెద్ద చమురు నిక్షేపం తగిలింది 1969లో. సాల్మన్ చేప జాతిని మెరుగుపరచే పని మొదలైంది 1970ల తొలి ఏళ్లలో, చమురు డబ్బు ఖజానాను నింపకముందే. అయినా గ్యాసు బావులు మన కోనసీమలోనూ ఉన్నాయి కదా. నార్వేలో పశువుల మేలుజాతి శాస్త్రం తెలిసినవారు దాదాపు 40 నదుల నుంచి సాల్మన్ గుడ్లు సేకరించి, ఏ కుటుంబం పిల్లలు త్వరగా ఎదుగుతున్నాయో లెక్క రాసుకుంటూ, తరం వెంట తరం ఎంపిక చేస్తూ పోయారు. సాల్మన్‌కు ఒక తరం అంటే సుమారు నాలుగేళ్లు. తొలి ఫలితం కంటికి కనిపించేసరికే ఒక ఎన్నికల కాలం గడిచిపోతుంది. అంత ఓపిక పట్టినందుకు ఇవాళ ఏటా 12 లక్షల టన్నులకు పైగా సాల్మన్ పండిస్తున్నారు.

అంతకంటే మనం శ్రద్ధగా చూడవలసిన లెక్క మరొకటి ఉంది. 1987లో నార్వే చేపల సాగులో వాడిన యాంటీబయాటిక్‌లు దాదాపు 50 టన్నులు. వ్యాధులకు టీకాలు కనుగొని, చేప చేపకూ వేయడం మొదలుపెట్టాక ఆ వాడకం పడిపోయింది. ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా ఇప్పుడు ఏడాదికి ఒక టన్ను కూడా దాటడం లేదు. మన సంగతి చూస్తే, యాంటీబయాటిక్ అవశేషాల భయంతోనే ఐరోపా సమాఖ్య 2016లో భారత సాగు రొయ్యల సరుకుపై తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అమెరికాకు బదులు ఐరోపాకు అమ్ముకుందామని ఇప్పుడు తేలిగ్గా అంటున్నవారు ఈ సంఖ్యను మరచిపోకూడదు.

నార్వే విద్య మన చెరువుల్లోకి ఇదివరకే ఒకసారి వచ్చింది. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ 1992లో నార్వే శాస్త్రవేత్తలతో కలిసి, గంగ, యమున, బ్రహ్మపుత్ర వంటి నదుల నుంచి తెచ్చిన రోహు, అంటే మన శీలావతి, చేపలపై ఇదే ఎంపిక పద్ధతిని మొదలుపెట్టింది. 1997లో, స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల వేళ, 'జయంతి' పేరుతో మేలురకం విడుదలైంది. శీలావతి పెంచే కొల్లేరు పరిసరాల రైతుకు ఈ పని విలువ వేరే చెప్పనక్కరలేదు.

పరిశోధన ఫలం ఎలా ఉంటుందో డెల్టాకు తెలియనిది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, నీరు వచ్చింది. ఆ నీటికి తగిన విత్తనం కోసం చాలాకాలం ఆగవలసి వచ్చింది. మార్టేరులో వరి పరిశోధన కేంద్రం 1925లో మొదలైంది. వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచి అక్కడ తయారుచేసిన ఎంటీయూ 7029, మనందరికీ తెలిసిన స్వర్ణ, 1982లో విడుదలైంది. అంటే కేంద్రం పెట్టిన 57 ఏళ్లకు. ఆ స్వర్ణ సార్వాలో డెల్టా మడులను నింపి, ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ పొలాల దాకా పోయింది. ఆపైన ఒడిశా నాటు వరిలోని ముంపును తట్టుకునే జన్యువును స్వర్ణలోకి తెచ్చి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తయారుచేసిన స్వర్ణ సబ్-1, 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల పాటు నీట మునిగినా ఆ పైరు తేరుకుంటుంది. ఆనకట్ట కట్టిన దొర పేరు కూడా మార్టేరు 2000లో ఒక వంగడానికి పెట్టింది: కాటన్‌దొర సన్నాలు. ఇన్ని దశాబ్దాలు ఆ మడులకూ, ఆ రిజిస్టర్లకూ, ఆ జీతాలకూ ప్రభుత్వాలు పెట్టిన ఖర్చు, స్వర్ణ పండించిన ధాన్యం విలువ ముందు లెక్కకు వచ్చేది కాదు. కొబ్బరి తోటల మీద సర్పిలాకార తెల్లదోమ పడినప్పుడు అంబాజీపేట కేంద్రం ఇసారియా అనే మిత్ర శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందించిందంటే, అదీ ఎప్పుడో పెట్టి నిలబెట్టుకున్న ప్రయోగశాల చలవే.

రొయ్యకు అటువంటి మార్టేరు లేదు. ఉండిలో, కాకినాడలో మత్స్య పరిశోధన, శిక్షణ కేంద్రాలు ఉన్నాయి, పనిచేసేవారూ ఉన్నారు. ఇంత విస్తారమైన సాగుకు అవి చాలవు. భీమవరంలో ఉదయంపూట ఏదైనా ఒక ఆక్వా ల్యాబు ముందు నిలబడితే పరిస్థితి అర్థమవుతుంది. రైతు మోటారుసైకిలు మీద ఒక సీసాలో చెరువు నీళ్లు, పాలిథిన్ కవరులో నాలుగు రొయ్యలు తెస్తాడు. లోపల డిగ్రీ చదివిన కుర్రవాడు ఉప్పుశాతం, అమ్మోనియా చూస్తాడు, విబ్రియో అనే బ్యాక్టీరియాను పెంచే ప్లేటులో పసుపు కాలనీలెన్ని, పచ్చ కాలనీలెన్ని అని లెక్కపెట్టి కాగితం రాస్తాడు. ఆ కాగితం అడుగున మందుల జాబితా ఉంటుంది, ఆ మందులు చాలాచోట్ల పక్క కౌంటరులోనే దొరుకుతాయి. పరీక్ష రుసుము నామమాత్రం. లాభం ఉన్నది కౌంటరులో. రొయ్య ఎదగడం ఆగిపోతే ఈహెచ్‌పి అనే సూక్ష్మజీవి సోకిందంటారు. దానికి మందు లేదని అమ్మేవారికీ తెలుసు, కొనేవారికీ తెలుసు, అయినా ఏదో ఒక డబ్బా అమ్ముడవుతూనే ఉంటుంది. ఇందులో ఆ కుర్రవాడి తప్పు లేదు. అమ్మకంతో సంబంధం లేకుండా సలహా చెప్పే ఉద్యోగం అతనికి ఎవరూ ఇవ్వలేదు.

విత్తనం విషయం మరీ విచిత్రం. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్య జాతికి అనుమతి వచ్చాక డెల్టా మళ్లీ లేచింది. ఆ వెనామీ తల్లి రొయ్యల్లో అధికభాగం ఇప్పటికీ విమానాల్లో విదేశాల నుంచి దిగి, క్వారంటైన్‌లో పరీక్షలు పూర్తయ్యాక రొయ్యపిల్లలను పుట్టించే హేచరీలకు చేరుతున్నాయి. వ్యాధి లేని, త్వరగా ఎదిగే ఆ జాతులను తయారుచేసిన కంపెనీల పరిశోధన ఖర్చు తల్లి రొయ్య ధరలోనే కలిసి ఉంటుంది. కాబట్టి డెల్టా రైతు పరిశోధనకు డబ్బు పెట్టడం లేదన్న మాట అబద్ధం. పంట పంటకూ పెడుతున్నాడు, అది పరాయి ప్రయోగశాలలకు చేరుతోంది.

మనుషుల విషయంలోనూ అంతే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదివి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఇచ్చిన ఆసరాతో 1920ల తొలినాళ్లలో అమెరికా వెళ్లారు. టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటి మందు అయిన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది ఆయన నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచే. ఒక దాత, ఒక బంధువు కలిసి ఆనాడు చేయగలిగింది ఆయనను ఓడ ఎక్కించడం వరకే. ఇక్కడే పనిచేయించుకునే ప్రయోగశాల కట్టడం వారి శక్తికి మించినది, ఆనాటి ప్రభుత్వానికి పట్టనిది. ఇప్పుడు ఆ శక్తి లేదనడానికి వీల్లేదు.

నార్వే తాను విదేశాలకు అమ్మే చేపల విలువలో 0.3 శాతాన్ని, అంటే వంద రూపాయలకు ముప్పై పైసలను, సముద్రోత్పత్తుల పరిశోధన నిధికి జమచేస్తుంది. 2023-24లో మన దేశపు సముద్రోత్పత్తుల ఎగుమతి 60,523 కోట్ల రూపాయలు. ముప్పై పైసల లెక్కన ఏడాదికి 180 కోట్లకు పైగా వస్తాయి. రొయ్య ఒక్కదాని నుంచే 120 కోట్లు. ఈ ఎగుమతుల్లో అతి పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది కాబట్టి, ఇటువంటి నిధి కోసం ముందుగా అడగవలసిందీ మన రాష్ట్రమే. కేంద్రం 2023లో చట్టం చేసిన జాతీయ పరిశోధన ఫౌండేషన్ అంచనా వేసుకున్న 50,000 కోట్లలో ఎక్కువ భాగం ప్రభుత్వేతర వర్గాల నుంచి రావాలని తానే చెప్పుకుంది. సాగుదారులే డబ్బు కూడబెట్టి వస్తామంటే కాదనడానికి కారణం ఉండదు.

అభ్యంతరాలు మాకు తెలియనివి కావు. ఎగుమతిదారు మీద వేసిన సుంకం చివరకు చెరువు గట్టుకే దిగుతుందని రైతు అంటాడు, అది నిజం. అందుకే ఆ నిధిని నడిపే మండలిలో సగం కుర్చీలు రైతులవి కావాలి, ఏ పరిశోధనకు ఎంత ఇచ్చారో ఏటా తెలుగులో ప్రకటించాలి. ఒక పేరు చెప్పి వసూలు చేసిన సెస్సును మరో పనికి వాడుకున్న ఉదంతాలు ఈ దేశంలో కొల్లలు. కనుక ఈ సొమ్ము ఖజానాలో కలవకుండా చట్టంలోనే కట్టుదిట్టం చేయనిదే దీనికి మేము మద్దతు ఇవ్వము.

డబ్బు దొరికినా మనుషులు లేకపోతే పని నడవదు. మత్స్య విశ్వవిద్యాలయానికి 2020లో చట్టం చేశారు, 2022 నవంబరులో నరసాపురం దగ్గర శంకుస్థాపన జరిగింది. మన ప్రభుత్వాలు విశ్వవిద్యాలయం అనగానే ప్రహరీగోడతో మొదలుపెడతాయి. మేము కోరేది వరస మార్చమని: ముందు వ్యాధి శాస్త్రం, జన్యుశాస్త్రం, మేత రసాయనం తెలిసిన అధ్యాపకులను శాశ్వత పోస్టుల్లో తీసుకోవాలి, వారికి అద్దె భవనమైనా చాలు. డెల్టాలోని ఇంజనీరింగ్ కళాశాలల నుంచి ఏటా బయటికి వచ్చే పిల్లల్లో చాలామంది హైదరాబాదు, బెంగళూరు బస్సు ఎక్కుతున్నారు. చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు ఖర్చు తగ్గించే మోటారు, నీటిలో ఆక్సిజన్ పడిపోగానే అర్ధరాత్రి ఫోనుకు కబురు పంపే చవకైన పరికరం వారికి ప్రాజెక్టులుగా ఎందుకు ఇవ్వకూడదు? ల్యాబు కుర్రవాడి కోసం రెండేళ్ల డిప్లొమా, అది ముగియగానే మండలానికొక ప్రభుత్వ పరీక్షాకేంద్రంలో ఉద్యోగం ఉంటే, మందుల కౌంటరుకు దూరంగా రైతుకు ఒక మాట చెప్పేవారు దొరుకుతారు.

తల్లి రొయ్యలను ఇక్కడే ఎంపిక చేసి పెంచే కేంద్రానికి రాబోయే రాష్ట్ర బడ్జెట్‌లో తొలి కేటాయింపు చూపాలనీ, అది ఒక్క ఏడాది పద్దుగా కాక పదేళ్ల హామీగా ఉండాలనీ కోరుతున్నాము. రొయ్య తరం సాల్మన్ తరం కంటే చాలా చిన్నదే అయినా, రోగాన్ని తట్టుకునే జాతి చేతికి రావడానికి పదేళ్లు ఎక్కువ కాదు. ఆ పదేళ్లలో కనీసం రెండు శాసనసభ ఎన్నికలు వస్తాయి. అందువల్ల ఆ హామీ పత్రం మీద అధికారపక్షం సంతకంతో పాటు ప్రతిపక్షం సంతకం కూడా ఇప్పుడే ఉండాలి.