మూడు లాంతర్లు ఆరయ్యాయి

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి పేరు మార్చాల్సిన సమయం వచ్చిందని మనవి చేసుకుంటున్నాను. రాత్రి ఎనిమిదింటికి స్వయంగా వెళ్లి లెక్కపెట్టాను. లాంతర్లు ఆరున్నాయి. ఒక్కోదానికి అటూ ఇటూ చీపురు పుల్లల్లా వెలుగు గీతలు కూడా మొలిచాయి. గంటస్తంభం పరిస్థితీ బాగాలేదు. సాయంత్రం ఆరింటికి గడియారం ముళ్లు వాన పడ్డ ముగ్గులా చెదిరిపోతున్నాయి. తొమ్మిదింపావుకి మాత్రం కాటుకతో గీసినట్టు నిక్కచ్చిగా ఉంటున్నాయి.

ఊళ్లో ఇంత జరుగుతుంటే మా ఆవిడ నన్ను కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

“సిలిండర్ పెరిగింది మాస్టారూ” అన్నాడాయన. “మళ్లీనా? ఎంతయిందండీ?” అని మా ఆవిడ కంగారుపడింది. గ్యాస్ కాదట, కంటి వంపులో తేడాకి కళ్లజోడు చీటీలో రాసే నంబరట. కంటి ముందున్న కార్నియా అనే పారదర్శకమైన పొర బంతిలా సమంగా గుండ్రంగా ఉండాలి. నాది కోడిగుడ్డు పక్కలా ఒకవైపు ఎక్కువ వంగింది కాబట్టి వెలుగు ఒక్కచోట కూడటం లేదట. ఆ తేడా ఏ దిక్కున ఉందో చెప్పే కోణం, అంటే యాక్సిస్, కుర్రతనంలో 180 డిగ్రీల దగ్గరుండేది 90 వైపు తిరిగిందనీ, వయసు మీద పడ్డాక ఇది మామూలేననీ చెప్పాడు. ఇంటికొచ్చి చెబితే, వాస్తు తెలిసిన మా బావ తేల్చేశాడు: “మెట్లు తిప్పీ బావా, కన్ను దానంతటదే సర్దుకుంటాది.”

1825లో ఇంగ్లండులో జార్జి ఏరీ అనే పండితుడు తన ఎడమ కంటికి ఇదే తేడా ఉందని కొలుచుకుని, సిలిండర్ అద్దం చేయించుకున్నాడు. వెలుగు చుక్క సాగి కనబడితే కంటిని అనుమానించాడే గానీ ఊరిని అనుమానించలేదు. పాపం, వాళ్ల ఊళ్లో టీకొట్టు లేదేమో.

మా టీకొట్టు తీర్పు: “సెల్లే మేస్టారూ, సెల్లే.” ఫోను కార్నియా వంపు మార్చదు. కానీ అది చూస్తూ రెప్ప వేయడం మర్చిపోతాం. కన్ను ఎండిపోతుంది, చూపు మసకబారుతుంది, వెలుగు గుచ్చుకుంటుంది. ఆనందపురం దాటి వస్తుంటే ఎదురు లారీల తెల్లటి లైట్లు సూదుల్లా దిగుతున్నాయంటే అందులో దీని వాటా కొంత ఉంది. వెలుగు గీతల్లా సాగడం వేరు, వెలుగు చూస్తే కన్ను నొప్పెట్టడం వేరు అన్నాడు డాక్టరు. కన్ను ఎర్రబడి, నొప్పి కూడా ఉంటే లోపల వాపు ఉందేమో ఆ రోజే చూపించుకోవాలి. మైగ్రేన్‌కీ వెలుతురంటే పడదు. శుక్లం ముదిరినా లైట్లు పగిలినట్టు కనిపిస్తాయి, కళ్లజోడు పవర్ మారుతుంది.

డాక్టరు దగ్గర, భోగాపురం వైపు నుంచి వచ్చిన ఒక చేపల వేటగాడు నా పక్కనే కూర్చున్నాడు. ఎండకీ, ఉప్పుగాలికీ కంట్లో కండ పెరిగి, ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి పాకి, కార్నియాను లాగేసి సిలిండర్ పెంచిందట. నలభై ఏళ్లు సముద్రం మీద కష్టపడి తెచ్చుకున్న జబ్బు! నా జబ్బుకి అలాంటి చరిత్ర ఏదైనా దొరుకుతుందేమోనని ఆశగా డాక్టరు వైపు చూశాను.

“ముందు ఆ చెయ్యి దించండి” అన్నాడు.

చూసుకుంటే నా వేలి కణుపు కుడి కంట్లో ఉంది. దురద పుట్టిన ప్రతిసారీ హాయిగా, కళ్లు మూసుకుని, గిరగిరా తిప్పుతాను. అందులో ఉన్న సుఖం చెప్పనలవి కాదు. కార్నియా మందం నడిమధ్య అర మిల్లీమీటరు పైచిలుకే. దాన్ని చపాతీ పిండిలా మర్దించాను. కుర్రాళ్లు ఇలా నలిపితే అది పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొచ్చే ప్రమాదం ఉందట. మా మేనల్లుడికీ ఇదే అలవాటు. వాడి కార్నియా వంపులు చూపే రంగుల పటం తీయించమన్నాడు డాక్టరు. నాకు దురద తగ్గే చుక్కలు రాశాడు.

కొత్త కళ్లజోడు వచ్చింది. నిన్న రాత్రి మళ్లీ కూడలికి వెళ్లాను. లాంతర్లు మూడే ఉన్నాయి. మిగతా మూడూ ఎవరు పట్టుకెళ్లారో తేల్చమని అర్జీ రాస్తున్నాను.