కారణం తేలాకే పథ్యం

రొయ్యల కూర తిన్న కాసేపటికి ఒళ్లంతా దద్దుర్లు లేచిన మనిషికి మన ఊళ్లలో దొరికే సలహా ఒక్కటే: రొయ్యలు నీకు పడవు, మానెయ్. వారం తిరక్కుండా మరెవరో వంకాయనూ, గోంగూరనూ, గుడ్డునూ ఆ జాబితాలో చేరుస్తారు. పథ్యం పెరుగుతూ పోతుంది, దద్దుర్లు వస్తూనే ఉంటాయి. ఏ పదార్థం పడటం లేదన్నదే కాక, అందులోని ఏ ప్రొటీన్ పడటం లేదో కూడా కొద్దిపాటి రక్తంతో గుర్తించే మాలిక్యులర్ అలర్జీ పరీక్షలు ఇప్పుడు మన నగరాల్లోని పెద్ద ల్యాబుల ద్వారా అందుబాటులోకి వచ్చాయి. ఇది స్వాగతించదగిన పరిణామమే. వాటిని అమ్ముతున్న తీరు మాత్రం ఆందోళన కలిగిస్తోంది.

అలర్జీకి మూలమైన ఐజీఈ అనే యాంటీబాడీని 1966-67లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్‌సన్, బెన్నిచ్ వేర్వేరుగా కనుగొన్నారు. రక్తంలో దాన్ని కొలిచే పరీక్షలు ఆ వెంటే వచ్చాయి. ముంజేతిపై చుక్కలు వేసి, సూదిమొనతో పైపైన గుచ్చి, పావుగంట తర్వాత దద్దు 3 మిల్లీమీటర్లైనా లేచిందా అని చూసే చర్మపరీక్ష అంతకంటే పాతది, నేటికీ నమ్మదగినది. అయితే ఈ రెంటిలోనూ వాడేది పదార్థం మొత్తం నుంచి తీసిన సారమే. అందులో కలగలిసి ఉన్న ప్రొటీన్లలో దోషి ఏదో అవి చెప్పలేవు.

రొయ్య సంగతే చూద్దాం. అందులో అలర్జీ కలిగించే ప్రొటీన్లలో ప్రధానమైనది ట్రోపోమయోసిన్. ఎంత ఉడికించినా అది చెడదు. దాదాపు అదే ప్రొటీన్ బొద్దింకలోనూ, పరుపుల్లో, దుప్పట్లలో కంటికి కనిపించకుండా బతికే డస్ట్ మైట్లలోనూ ఉంటుంది. అందువల్ల మైట్ల దుమ్ముతో తుమ్ములు పట్టుకున్న వ్యక్తి రొయ్య తిని హాయిగా అరిగించుకుంటున్నా, పరీక్షలో రొయ్య పేరు పక్కన పాజిటివ్ అని రావచ్చు. మైట్ ప్రొటీన్లను విడివిడిగా చూస్తేనే ముడి వీడుతుంది. డెర్ పి 1, డెర్ పి 2, డెర్ పి 23 అనే వాటికి ఐజీఈ ఉంటే మైట్ల అలర్జీ అసలైనదేనని, అలర్జీ కలిగించే పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇస్తూ శరీరానికి అలవాటు చేసే, మూడేళ్లకు తగ్గకుండా సాగే ఇమ్యునోథెరపీతో మేలు జరిగే అవకాశం ఉందని వైద్యుడు భావించవచ్చు. ట్రోపోమయోసిన్ అయిన డెర్ పి 10 ఒక్కటే కనిపిస్తే, అంతకాలం ఇంజెక్షన్లు పొడిపించుకోవడానికి ముందు ఆలోచించాల్సి ఉంటుంది.

గుడ్డు విషయంలో ఈ తేడా పిల్లలకు మరీ ముఖ్యం. తెల్లసొనలోని ఓవాల్బుమిన్ వేడికి దెబ్బతింటుంది, ఓవోమ్యూకాయిడ్ తట్టుకుని నిలుస్తుంది. రెండోదానికి ఐజీఈ లేని బిడ్డ, బాగా కాల్చిన కేకులోని గుడ్డును తట్టుకోగలిగే అవకాశం ఎక్కువ. దాన్ని వైద్యుల పర్యవేక్షణలో తినిపించి చూడాలే తప్ప ఇంట్లో ప్రయోగాలు చేయకూడదు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డే ప్రధాన పోషకమైన ఇళ్లలో, సరిగా తేల్చకుండా దాన్ని మాన్పించడం బిడ్డ ఎదుగుదలకు చేసే నష్టం చిన్నది కాదు.

ఇంత సూక్ష్మమైన పరీక్షను పూర్తి ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలో ఒక అంశంగా కలిపి, డాక్టరు చీటీ లేకుండానే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లి, ఫలితాన్ని ఫోనుకు పంపేస్తే జరిగేదేమిటి? ఐజీఈ ఉన్నంత మాత్రాన అలర్జీ ఉన్నట్లు కాదు. రోజూ ఇడ్లీలోకి పల్లీ చట్నీ తింటూ ఏ ఇబ్బందీ లేనివారికీ పల్లీ పాజిటివ్ రావచ్చు. సుమారు 300 సారాలను, ప్రొటీన్లను ఒకే చిప్‌పై చూసే కిట్లలో ఇలాంటి అక్కరలేని పాజిటివ్‌లు కొన్నైనా తేలతాయి. రోగి చరిత్ర తెలియని చేతుల్లో ఆ కాగితం కొత్త పథ్యాల చిట్టాగా మారుతుంది. ఆహార అలర్జీ నిర్ధారణకు పనికిరాదని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే తేల్చిన ఐజీజీ4 (ఐజీఈ కాని మరో యాంటీబాడీ) తరహా పరీక్షలనూ కొందరు ఇదే వరుసలో అంటగడుతుండటం మరీ దారుణం.

వేల రూపాయల ఖరీదైన ఈ కిట్లు చాలావరకు యూరప్, ఉత్తర అమెరికా వాతావరణాన్ని దృష్టిలో ఉంచుకుని రూపొందినవి. అక్కడి బర్చ్ చెట్టు పుప్పొడికి దక్కిన ప్రాధాన్యం మన సర్కారు తుమ్మకు, వయ్యారిభామకు దక్కలేదు. నగరాల్లో కోనోకార్పస్ చెట్లను కొట్టేయాలా, ఉంచాలా అని వాదించుకునే మనం, వాటి పుప్పొడి ఇక్కడ ఎందరిని నిజంగా బాధిస్తోందో కొలిచే పరిశోధనకు అంతే పట్టుదల చూపితే బాగుండేది.

అలర్జీ పరీక్ష ఏదైనా వైద్యుడి సిఫార్సు మీదే జరగాలని, నివేదికతో పాటు నిపుణుడి వివరణ తప్పనిసరిగా ఉండాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు నిబంధన విధించాలి. మన దేశంలో ల్యాబుల నాణ్యతను ధ్రువీకరించే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు స్వచ్ఛందమే కాబట్టి, మార్కెట్ తనంతట తాను దారికొస్తుందని ఎదురుచూడటం వృథా. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ వంటి బోధనాసుపత్రుల్లో ముందు చర్మపరీక్షను, మామూలు ఐజీఈ పరీక్షను నిత్యం అందుబాటులో ఉంచి, వాటితో తేలని కేసులకు మాలిక్యులర్ పరీక్షను ఉచితంగా చేయాలి. రొయ్యల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో పీలింగ్ షెడ్లలో పనిచేసే మహిళల నుంచి ఇది మొదలైతే మంచిది. రొయ్యలను శుద్ధి చేసే, ఉడికించే చోట గాలిలో కలిసే ప్రొటీన్ల వల్ల ఉబ్బసం రావడం వైద్యశాస్త్రానికి కొత్త విషయమేమీ కాదు. తీవ్రమైన ముప్పు ఉన్నట్లు తేలినవారికి ప్రాణాపాయకరమైన అలర్జీ వచ్చినప్పుడు వెంటనే ఇవ్వాల్సిన అడ్రినలిన్ ఇంజెక్షన్ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నిల్వ ఉండేలా, దాన్ని తొడకు ఇవ్వడంలో సిబ్బందికి శిక్షణ ఉండేలా చూసే బాధ్యత కూడా ప్రభుత్వాలదే.