నాలెడ్జ్ పోర్టల్ గారికి ఒక ఉద్యోగి ఉత్తరం

మహారాజశ్రీ, ఉద్యోగులు తమకు తెలిసిన పని కిటుకులు రాసిపెట్టాల్సిన మా కంపెనీ సైటు నాలెడ్జ్ పోర్టల్ గారికి, మాదాపూర్ ఆఫీసు నాలుగో అంతస్తు నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అంతా క్షేమం. తమరూ క్షేమంగానే ఉండి ఉంటారు, ఎవరూ ముట్టుకోరు కదా.

మొన్న రాత్రి రెండింటికి, సర్వర్‌లో దానంతటదే నడవాల్సిన బ్యాచ్ జాబ్ ఫెయిలైతే తమరి గుమ్మం తొక్కాను. 'ఫైనల్_లేటెస్ట్_కొత్తది' అనే డాక్యుమెంటు దొరికింది. ఆరు స్టెప్పులు చక్కగా ఉన్నాయి. ఏడోది: 'మిగతాది అన్నను అడగండి.' ఆ అన్న పోయిన ఉగాదికే రిజైన్ చేసి వెళ్లిపోయాడు. సిగ్గు విడిచి ఫోన్ చేశాను. "సర్వర్ రీస్టార్ట్ చెయ్యకురా, ముందు లాక్ ఫైల్ తీసెయ్" అన్నాడు నిద్రమత్తులోనే. పనైపోయింది. ఈ ముక్క పోర్టల్లో ఎందుకు పెట్టలేదన్నా అంటే, "ఎవడడిగాడురా?" అన్నాడు.

తమరు పుట్టింది అమెరికాలో. తెలిసింది రాసిపెడతారు, తప్పుంటే ఇంకొకరు కింద దిద్దుతారు అని నమ్మి తమరిని కట్టారు. ఇక్కడ మా డెలివరీ మేనేజర్ గారి డాక్యుమెంటులో మూడో కమాండే తప్పు. ఫ్లోర్ మొత్తానికి తెలుసు. కింద కామెంట్లు మాత్రం 'వెరీ యూజ్‌ఫుల్ సార్', 'థాంక్యూ సార్'. అసలు కమాండ్ వాట్సాప్‌లో ఉంది, సార్ లేని గ్రూపులో.

దీన్ని ఎప్పుడో కొలిచారు. 1967 నుంచి 1973 దాకా ఐబీఎం ఉద్యోగులపై జరిగిన సర్వేలను ముందేసుకుని, గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు, పైవాళ్ల ముందు కిందివాళ్లు ఎంత ఒదిగి ఉంటారో దేశాలవారీగా అంకెలు వేశాడు. అమెరికాకు 40, మనకు 77. దేశం మొత్తాన్ని ఒక్క అంకెలో కుక్కడం నాకు నచ్చదు. మీటింగులో నోరు విప్పని వాడే చాయ్ బండి దగ్గర ఆర్కిటెక్చర్ అంతా టిష్యూ మీద గీసి చూపిస్తాడు. కానీ ఆ కామెంట్లు చదివినప్పుడల్లా 77 కూడా తక్కువేమో అనిపిస్తుంది.

పోనీ, అన్నీ రాస్తే వచ్చేవేనా? 1985లో ఒసాకాలో మత్సుషితా (ఇప్పటి పానాసోనిక్) వాళ్లు ఇంట్లో బ్రెడ్ చేసుకునే మిషన్ తయారుచేస్తుంటే పిండి కలపడం కుదరలేదు. పిండికి ఎక్స్‌రేలు కూడా తీశారు, లాభం లేదు. ఇకుకో తనాకా అనే ఉద్యోగిని ఒక హోటల్ హెడ్ బేకర్ దగ్గర చేరి, ఆయన పిండిని లాగుతూ మెలితిప్పడం చూసి పట్టేసింది. అన్న కుర్చీ వెనక నేను నిలబడ్డ ఆర్నెల్లూ అదే చదువు. కాకపోతే ఆవిడ నేర్చుకున్నది మిషన్‌లోకి ఎక్కింది. నేను నేర్చుకున్నది నాలోనే ఉంది. తమరి దగ్గర దాపరికం ఎందుకు, అది నా దగ్గరుంటేనే కదా అర్ధరాత్రి నాకు ఫోన్లొచ్చేది.

అప్రైజల్‌కు తలా నాలుగు డాక్యుమెంట్లు పెట్టాలట కాబట్టి మార్చి ఆఖరి వారంలో తమరి ఇల్లు పెళ్లిల్లే. నా వంతు మొదటిది ఆ బ్యాచ్ జాబ్ మీదే. ఆరు స్టెప్పులు పాతవే దింపాను. ఏడో దాంట్లో 'అన్న' తీసేసి నా పేరు పెట్టాను.

ఇట్లు
తమరి విధేయుడు
(పేరు ఏడో స్టెప్పులో చూసుకోగలరు)